మెక్సికోలో పాత వెండి గనుల ఊళ్ళు చూడాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి

మెక్సికో అనగానే మనవాళ్ళు చాలామంది కాన్‌కూన్‌కి టికెట్లు బుక్ చేసేస్తారు, బీచ్, రిసార్ట్, ఒకరోజు చిచెన్ ఇట్సా, అక్కడితో ట్రిప్ అయిపోతుంది. అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ అవే సెలవుల్లో దేశం మధ్యలో కొండల మీద ఉన్న పాత గనుల ఊళ్ళకి వెళ్తే అసలు మెక్సికో ఎలా తయారైందో కళ్ళకి కనిపిస్తుంది. స్పెయిన్ వాళ్ళు దాదాపు 300 ఏళ్ళు పాలించింది ఎక్కువగా ఈ వెండి కోసమే, ఇక్కడ ముద్రేసిన నాణేలు ఒకవైపు మనీలా మీదుగా చైనాకి, ఇంకోవైపు యూరప్ వెళ్ళి అక్కడినుంచి మన మచిలీపట్నం లాంటి రేవులకి కూడా వచ్చాయి, బట్టలు కొనడానికి డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు ఓడల్లో తెచ్చిన వెండిలో ఇక్కడిదీ ఉంది. ఎలా వెళ్ళాలి, ఏ ఊరు ముందు, ఏది వదిలేయొచ్చు అనేది వరసగా చెప్తాను.

ముందు ఊళ్ళు ఎంచుకోండి, అన్నీ పెట్టుకోకండి

మ్యాప్‌లో చూస్తే గ్వానహ్వాతో, జకాతెకాస్, సాన్ లూయిస్ పోతొసీ, రియాల్ దె కతోర్సె, తాస్కో, పచూకా, రియాల్ దెల్ మోంతె, మినెరాల్ దె పోసోస్ ఇలా వరసగా కనిపిస్తాయి, వారంలో అన్నీ చుట్టేద్దాం అనిపిస్తుంది. వద్దండి. ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు బస్సుకే పోతుంది, పైగా ఇవన్నీ ఎత్తు మీద ఉన్న ఊళ్ళు, ఒంటికి అలవాటు పడే టైమ్ ఇవ్వాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా సలహా రెండే, మెక్సికో సిటీకి దగ్గర్లో రియాల్ దెల్ మోంతె, తర్వాత గ్వానహ్వాతో. ఇంకో నాలుగు రోజులు ఉంటే రియాల్ దె కతోర్సె కలపండి. నాకు వీటిలో అన్నిటికన్నా ఇష్టమైంది కతోర్సె, కానీ మిగతావి చూశాక వెళ్తేనే అది పూర్తిగా అర్థమవుతుంది.

జకాతెకాస్ కూడా చాలా గొప్ప ఊరు, 1546లో అక్కడ వెండి దొరకడంతోనే ఉత్తరానికి దారి తెరుచుకుంది, గులాబీ రంగు రాతితో కట్టిన కేథడ్రల్ ముందు గోడ మీద చెక్కడం చూస్తూ గంట నిలబడొచ్చు, ఎల్ ఎదెన్ గని లోపలికి చిన్న రైల్లో తీసుకెళ్తారు. కానీ జకాతెకాస్ రాష్ట్రానికీ, తాస్కో ఉన్న గెరేరో రాష్ట్రానికీ అమెరికా ప్రభుత్వం గత కొన్నేళ్ళుగా గట్టి హెచ్చరికలు ఇస్తోంది. అందుకని టికెట్లు కొనకముందే రాష్ట్రాలవారీగా ట్రావెల్ అడ్వైజరీ చదవండి, మీ ట్రావెల్ ఇన్సూరెన్స్ ఆ రాష్ట్రాలకి వర్తిస్తుందో లేదో కూడా అడగండి. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్తుంటే ఈ రెండూ ఇప్పటికి పక్కన పెట్టడమే మంచిది అని నా అభిప్రాయం.

వీసా సంగతి

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి మెక్సికో వీసా కావాలి, కానీ పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా వాలిడ్‌గా ఉంటే, లేదా గ్రీన్ కార్డు ఉంటే, టూరిస్టుగా వెళ్ళడానికి విడిగా వీసా అక్కర్లేదు. కెనడా, యూకే, జపాన్, షెంగెన్ వీసాలు ఉన్నా అంతే. అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఒక్క దగ్గరే, హెచ్1బి అప్రూవల్ పేపర్ చేతిలో ఉంటుంది కానీ పాస్‌పోర్ట్‌లో స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయి ఉంటుంది, ఆ పేపర్ మీద మెక్సికో లోపలికి రానివ్వరు, అలాంటప్పుడు మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాల్సిందే. తిరిగి అమెరికాలోకి వచ్చేటప్పుడు రూల్ వేరు, అది మీ లాయర్‌ని అడగండి. ఇండియా నుంచి చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి విజిటర్ వీసా వాలిడ్‌గా ఉంటే వాళ్ళనీ తీసుకెళ్ళొచ్చు. రూల్స్ మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే వారంలో కాన్సులేట్ సైట్ ఒకసారి చూసుకోండి.

ఎప్పుడు వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. నవంబర్ నుంచి ఏప్రిల్ బాగుంటుంది, పగలు ఎండ, రాత్రి చలి. చలి అంటే నిజంగా చలే, గ్వానహ్వాతో దాదాపు 2,000 మీటర్ల ఎత్తు, రియాల్ దెల్ మోంతె, కతోర్సె రెండూ 2,700 మీటర్ల దగ్గర, అంటే మన ఊటీ కన్నా ఎత్తు, చాలా హోటళ్ళలో హీటర్ ఉండదు. మంచి జాకెట్, అడుగు జారని బూట్లు తప్పనిసరి. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ళ దారుల్లో లాగలేరు, వీపు మీద బ్యాగే నయం. దిగిన రోజు మెట్లెక్కే ప్రోగ్రామ్ పెట్టుకోకండి, నీళ్ళు బాగా తాగండి, తలనొప్పి వస్తే అది ఎత్తు వల్ల కావచ్చు. బీపీ, గుండె, ఆస్తమా ఉన్నవాళ్ళు ముందే డాక్టర్‌ని అడిగి బయల్దేరండి.

అక్టోబర్‌లో గ్వానహ్వాతోలో సెర్వంతీనో అని పెద్ద కళల పండగ జరుగుతుంది, 1972 నుంచి జరుగుతోంది, నాటకాలు, సంగీతం ఇష్టమైతే అప్పుడే వెళ్ళండి కానీ రూమ్ నెలల ముందే తీసుకోవాలి. సోమవారం చాలా మ్యూజియంలు మూసేస్తారు, ఊరు మారే ప్రయాణాలు సోమవారం పెట్టుకుంటే రోజు వేస్ట్ అవ్వదు.

ఏ ఊరికి వెళ్ళినా ఈ వరస పాటించండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. మామూలుగా అందరూ ఊళ్ళోకి దిగగానే చర్చి, చౌరస్తా, రంగురంగుల ఇళ్ళు, ఫోటోలు, టైమ్ మిగిలితే గని. దాన్ని తిరగేయండి. ముందు గనికి వెళ్ళండి, తర్వాత ఖనిజాన్ని వెండి చేసిన చోటు, ఆ తర్వాత గని పనివాళ్ళ ఇళ్ళు, ఆస్పత్రి, శ్మశానం, చివర్లో చర్చి, షావుకార్ల భవనాలు. చీకట్లో తడి గోడలు తాకి, ఆ నిటారు మెట్ల మీద ఖనిజం బస్తా వీపున మోసుకుని మనుషులు ఎక్కేవాళ్ళని విన్నాక చర్చిలో బంగారు రేకు తాపడం చూస్తే, ఆ డబ్బు ఎవరి ఒంట్లోంచి వచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వరస తప్పితే అందమైన ఊరు చూసొచ్చాం అన్నంతవరకే మిగులుతుంది.

వెండి తీసే పద్ధతి కూడా కొంచెం తెలుసుకుని వెళ్ళండి, లేకపోతే గైడ్ చెప్పేది సగం పోతుంది. 1550ల్లో పచూకాలో బార్తొలొమే దె మెదీనా అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి ఇది, ఖనిజాన్ని పిండి చేసి పెద్ద రాతి కళ్ళంలో బురదలాగా పరిచి, ఉప్పు, మైలుతుత్తం లాంటి రాగి లవణం, పాదరసం కలిపి కంచర గాడిదలతో, మనుషులతో వారాల తరబడి తొక్కించేవాళ్ళు, పాదరసం వెండిని పట్టుకుంటుంది, తర్వాత దాన్ని కాల్చితే పాదరసం ఆవిరైపోయి వెండి మిగులుతుంది. కట్టెలు తక్కువున్న కొండల్లో, తక్కువ రకం ఖనిజం నుంచి కూడా వెండి తీయగలిగింది దీనివల్లే. ఆ పాదరసం స్పెయిన్‌లో అల్మదెన్ నుంచి, కొంత పెరూలో వాన్కవెలికా నుంచి వచ్చేది, అమ్మకం రాజుగారి గుత్తాధిపత్యం, వెండిలో రాజుకి వాటా వేరే. ఆ పాదరసం విషం మాత్రం తొక్కినవాళ్ళ ఒంట్లోకి, కాల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళింది.

మొదటి ఊరు: రియాల్ దెల్ మోంతె

మెక్సికో సిటీలో మెట్రో 5వ లైన్ మీద ఔతొబూసెస్ దెల్ నోర్తె స్టేషన్ దిగితే ఎదురుగానే ఉత్తర బస్ టెర్మినల్. అక్కడినుంచి పచూకాకి బస్సులు ఎప్పుడూ ఉంటాయి, గంటన్నర అటూ ఇటూ, పచూకా నుంచి చిన్న వ్యానులు కొండ మీదకి వెళ్తాయి. పచూకాలో గనుల ఆర్కైవ్, మ్యూజియం ఉంది, పైకి వెళ్ళే ముందు అది చూడండి.

రియాల్ దెల్ మోంతెలో అకోస్తా గని మ్యూజియం ఉంది, హెల్మెట్ పెట్టి సొరంగంలోకి తీసుకెళ్తారు. బయట ఎత్తైన పొగగొట్టం, రాతి ఇంజిన్ హౌస్ కనిపిస్తాయి, అవి స్పెయిన్ వాళ్ళవి కావు, ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్ళవి. మెక్సికో స్వాతంత్ర్య యుద్ధంలో గనులన్నీ నీళ్ళతో నిండిపోతే, 1824లో లండన్‌లో ఒక కంపెనీ పెట్టి, 1825లో ఆవిరి యంత్రాలతో సహా మనుషుల్ని పంపారు, సుమారు 1,500 టన్నుల సామాను సముద్రం ఒడ్డు నుంచి ఈ కొండ మీదకి లాగారు, ఒడ్డునే పచ్చ జ్వరంతో (ఎల్లో ఫీవర్) ఎంతోమంది చనిపోయారు. 1849కల్లా నష్టాలతో కంపెనీ అమ్మేసుకుంది. ఆ కంపెనీని నడిపించినవాళ్ళలో ముఖ్యుడు జాన్ టేలర్, ఆయన కుటుంబం కంపెనీ జాన్ టేలర్ అండ్ సన్స్ 1880 నుంచి మన పక్కనే కోలార్ బంగారు గనుల్ని నడిపింది. కేజీఎఫ్‌లో పనిచేసిన తాతలున్న తెలుగు కుటుంబాలు చిత్తూరు వైపు ఎన్నో ఉన్నాయి కదా, అలాంటి ఇంటినుంచి వెళ్ళేవాళ్ళు ఈ ఊళ్ళో తప్పకుండా ఒక రోజు ఎక్కువ ఉండండి, అదే కార్న్‌వాల్ పద్ధతి పంపులు, అదే రకం ఇంజిన్ హౌసులు.

ఊళ్ళో గని కార్మికుల పాత ఆస్పత్రిని మ్యూజియంగా ఉంచారు, దాన్ని దాటేయకండి, ధూళి వల్ల ఊపిరితిత్తులు ఎలా పోయేవో అక్కడ తెలుస్తుంది. పైన పైన్ చెట్ల మధ్య ఇంగ్లీషు శ్మశానం ఉంది. 1766లో ఇక్కడి కార్మికులు గని యజమాని పెద్రో రొమేరో దె తెరేరోస్ మీద తిరగబడ్డారు, జీతం కాకుండా తవ్విన ఖనిజంలో వాళ్ళకి వచ్చే వాటాని ఆయన కోసేయడమే కారణం, అమెరికా ఖండంలోనే తొలి సమ్మెల్లో ఒకటిగా దీన్ని చెప్పుకుంటారు. అదే మనిషి 1775లో మెక్సికో సిటీలో పేదలకి తాకట్టు అప్పులిచ్చే సంస్థ పెట్టాడు, మోంతె దె పియెదాద్, అది ఇప్పటికీ "సోకలో" అనే పెద్ద చౌరస్తా పక్కనే నడుస్తోంది. వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఆ బిల్డింగ్ ముందు ఆగి చూడండి, రెండు సంగతులూ ఒకే మనిషివే.

తినడానికి ఇక్కడ పాస్తెస్, కార్న్‌వాల్ వాళ్ళు తెచ్చిన కజ్జికాయ ఆకారం రొట్టె, గనిలో మురికి చేతుల్తో పట్టుకోవడానికి అంచు మందంగా మడిచేవాళ్ళు. అసలుది బంగాళదుంప, మాంసం, ఇప్పుడు పైనాపిల్, పాయసం లాంటి అన్నం పెట్టినవి కూడా చేస్తున్నారు. వేడివేడిగా తినాలి.

రెండోది: గ్వానహ్వాతో

మెక్సికో సిటీ ఉత్తర టెర్మినల్ నుంచి మంచి లగ్జరీ బస్సులున్నాయి, ఐదు గంటలు వేసుకోండి. అమెరికా నుంచి నేరుగా వచ్చేవాళ్ళు లియోన్ ఎయిర్‌పోర్ట్‌లో దిగితే టాక్సీలో అరగంట పైచిలుకు. కారు అద్దెకి తీసుకుని ఈ ఊళ్ళోకి రాకండి, ఊరు కింద సగం రోడ్లు సొరంగాల్లో ఉంటాయి, ఒకప్పుడు నది పారిన దారులు అవి, లోపల జీపీఎస్ పనిచేయదు.

మొదటి ఉదయం టాక్సీ మాట్లాడుకుని నేరుగా పైన వలెన్సియానాకి వెళ్ళండి. 18వ శతాబ్దం చివర్లో ప్రపంచంలోనే పేరున్న వెండి గని ఇది, 1803లో జర్మన్ శాస్త్రవేత్త హంబోల్ట్ కూడా వచ్చి చూశాడు. అక్కడ పర్యాటకుల కోసం తెరిచిన గని ముఖద్వారాలు రెండున్నాయి, సాన్ రమోన్, సాన్ కయెతానో, ఏదో ఒకటి చాలు. మెట్లు దిగడం తేలికే, ఎక్కడమే కష్టం, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పైనే కూర్చోబెట్టండి. ఇరుకు చోట్లంటే భయం ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా ముందే గైడ్‌కి చెప్పండి. బయటికొచ్చి నడిస్తే 1788లో పూర్తయిన సాన్ కయెతానో చర్చి, లోపల మూడు బలిపీఠాల వెనక గోడలు మొత్తం బంగారు రేకే. ఇప్పుడు అక్కడ కాసేపు కూర్చోండి.

మధ్యాహ్నం కిందకి దిగి అలోందిగా. ధాన్యం దాచడానికి కట్టిన కోటలాంటి గిడ్డంగి అది. 1810 సెప్టెంబర్ 28న, స్పెయిన్ మీద స్వాతంత్ర్య యుద్ధం మొదలుపెట్టిన చర్చి ఫాదర్ ఇదాల్గో సైన్యం, అందులో బోలెడంతమంది గని కార్మికులు, రైతులు, దాన్ని ముట్టడించారు. లోపల స్పెయిన్ వాళ్ళు, ఊరి ధనవంతులు తలుపులు వేసుకుని ఉంటే, పీపిలా అనే గని కార్మికుడు బుల్లెట్లు తగలకుండా వీపు మీద రాతిపలక కట్టుకుని పాకుతూ వెళ్ళి తలుపుకి నిప్పు పెట్టాడని చెప్తారు. తర్వాతి ఏడాది ఇదాల్గోతో సహా నలుగురు నాయకుల తలలు ఇదే బిల్డింగ్ నాలుగు మూలలా వేలాడదీశారు, 1821 దాకా అలాగే ఉంచారు. మూలల్లో వాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి, చూడండి. సాయంత్రం కేబుల్ రైల్లో పీపిలా విగ్రహం దగ్గరికి ఎక్కితే ఊరంతా కనిపిస్తుంది.

ఇక ఈ ఊళ్ళో మమ్మీల మ్యూజియం చాలా ఫేమస్. నేనైతే వెళ్ళొద్దనే చెప్తాను. శ్మశానం ఫీజు కట్టలేకపోయిన కుటుంబాల వాళ్ళ శవాల్ని 19వ శతాబ్దంలో బయటికి తీసి, ఎండిపోయి ఉన్నాయని అద్దాల పెట్టెల్లో పెట్టారు, ఆ పేదవాళ్ళని టికెట్ కొని చూడటం నాకు నచ్చదు. ఆ టైమ్‌లో చిత్రకారుడు దియేగో రివేరా పుట్టిన ఇల్లు చూడండి, 1886లో అక్కడే పుట్టాడు.

మూడోది, వీలుంటే: రియాల్ దె కతోర్సె

సాన్ లూయిస్ పోతొసీ నుంచి మతెవాలా, అక్కడినుంచి రాళ్ళు పరిచిన దారి మీద కొండెక్కి, 1901లో తెరిచిన ఒగార్రియో సొరంగం గుండా ఊళ్ళోకి వెళ్ళాలి. 2 కిలోమీటర్ల పైనే ఉంటుంది, ఒకే వరస, ఒకవైపు బండ్లు వచ్చాక ఇంకోవైపు వదుల్తారు, పెద్ద బస్సు పట్టదు కాబట్టి ముందే దించి చిన్న బండి ఎక్కిస్తారు. 1770ల్లో మొదలైన ఊరు, వెండి ధర పడిపోయి, 1910లో విప్లవం వచ్చి ఖాళీ అయిపోయింది, పైకప్పుల్లేని ఇళ్ళు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. నాణేలు ముద్రించిన టంకశాల, కోడిపందేల గుండ్రటి రాతి మైదానం, చర్చిలో సెయింట్ ఫ్రాన్సిస్‌కి మొక్కు తీర్చుకున్నవాళ్ళు పెట్టిన చిన్నచిన్న బొమ్మలు, ఇవన్నీ నింపాదిగా చూడాల్సినవి. అక్టోబర్ 4 చుట్టూ తీర్థం, జనం కిక్కిరిసిపోతారు, ఆ రోజుల్లో మామూలు ప్రయాణికులకి రూములు దొరకవు.

ఊరి దగ్గర కొండ విషారికా ఆదివాసులకి పవిత్రమైన చోటు, సూర్యుడు అక్కడే పుట్టాడని వాళ్ళ నమ్మకం, వందల కిలోమీటర్ల నుంచి తీర్థయాత్రగా వస్తారు, ఆ దారిని 2025లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టారు. గుర్రం మీద అక్కడికి తీసుకెళ్ళేవాళ్ళుంటారు. రాళ్ళ వలయంలో పెట్టిన నైవేద్యాల్ని తాకకండి, యాత్రికుల ఫోటోలు అడక్కుండా తీయకండి, పెయోతే అనే మత్తు కలిగించే మొక్కని ఎవరైనా ఆఫర్ చేస్తే వద్దనండి, అది వాళ్ళ పూజకి సంబంధించింది, బయటివాళ్ళు వాడటం చట్టప్రకారం నేరం కూడా. పాత గని గుంతలు చాలాచోట్ల కంచె లేకుండా నోరు తెరుచుకుని ఉంటాయి, మినెరాల్ దె పోసోస్‌లో కూడా ఇదే పరిస్థితి, పిల్లల చెయ్యి వదలకండి, గైడ్ లేకుండా శిథిలాల్లో తిరగకండి.

తిండి, డబ్బు, మాట

వెజిటేరియన్లు "సిన్ కార్నె" అని చెప్పాలి, మాంసం లేకుండా అని అర్థం, కానీ చికెన్‌ని విడిగా అనుకునేవాళ్ళున్నారు, "సిన్ పోయో" కూడా చెప్పండి. అసలు తంటా బీన్స్‌లో వేసే పంది కొవ్వు, "మాంతెకా", అన్నంలో చికెన్ సూప్, రెండూ అడిగి తెలుసుకోవాలి. నోపాల్ అని బ్రహ్మజెముడు ముక్కల కూర, గుమ్మడి పువ్వు పెట్టిన కెసదియా, గ్వానహ్వాతోలో బంగాళదుంప, క్యారెట్‌తో ఇచ్చే ఎంచిలాదాస్ మినేరాస్ చికెన్ లేకుండా చేయించుకుంటే మనకి బాగా నచ్చుతాయి. కారం గురించి బెంగలేదు, చీలె దె ఆర్బోల్ పచ్చడి అడగండి.

గని గైడ్లు, వ్యానులు, చిన్న హోటళ్ళు నగదే తీసుకుంటాయి, కతోర్సెకి వెళ్ళే ముందే మతెవాలాలో పెసోలు తీసుకోండి. ఏటీఎం తన రేటుకి డాలర్లలోకి మార్చనా అని అడిగితే వద్దని నొక్కండి, మీ బ్యాంకు రేటే నయం. గని టూర్లు ఎక్కువ స్పానిష్‌లోనే, ఫోన్‌లో అనువాదం ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ చేసుకోండి, సొరంగంలో సిగ్నల్ రాదు. గైడ్‌కి టిప్ ఇవ్వండి, ఈ ఊళ్ళల్లో గైడ్లుగా పనిచేసేవాళ్ళలో గనుల్లో పనిచేసిన కుటుంబాల వాళ్ళుంటారు, అడిగితే ఇంటి కథలు చెప్తారు, టూర్ మొత్తంలో విలువైన భాగం అదే.

బస్సులు పగలే ఎక్కండి, టోల్ రోడ్డు మీద వెళ్ళేవే తీసుకోండి.

వెండి కొనాలనుకుంటే వస్తువు మీద 925 ముద్ర చూడండి, అంటే వెయ్యి పాళ్ళలో 925 వెండి. "అల్పాకా" అని రాసుంటే అది నికెల్, రాగి కలిపిన లోహం, చూడ్డానికి తెల్లగా మెరుస్తుంది కానీ అందులో వెండి ఉండదు. రోడ్డు పక్క గుడ్డ మీద పరిచి అమ్మేదాంట్లో ఇది ఎక్కువ, నచ్చితే అల్పాకా ధరకే కొనండి. మంచి నగ కావాలంటే తయారుచేసిన మనిషే కూర్చుని ఉన్న చిన్న వర్క్‌షాప్‌లో కొనండి, బరువు తూయించండి, రసీదు మీద 925 అని రాయించుకోండి.